తాడేపల్లిగూడెం తొమ్మిదిమంది

సుబ్బరామయ్య మాస్టారికి ఏదైనా నచ్చిందంటే అది ఊరంతటికీ నచ్చి తీరాలి. హిందీ నేర్చుకున్న ఏడాది పాలవాడితో కూడా హిందీలోనే మాట్లాడాడు. పాలవాడు బెదిరిపోయి వారం రోజులు ఇంటి ఛాయలకు రాలేదు. ప్రకృతి వైద్యం పట్టుకున్న ఏడాది ఇంట్లో ఎవరి నుదుట చూసినా తడిమట్టి పట్టీయే. ఆ తర్వాత హోమియోపతీ వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఎవరు తుమ్మినా సరే, ఆయన జేబులోంచి నాలుగు తెల్లటి మాత్రలు వాళ్ళ నాలుక మీద పడేవి. మనిషి బంగారం. రోజూ రైలెక్కి వెళ్ళి పాఠం చెప్పే ఉంగుటూరు బడిలో పిల్లలకు ఆయనంటే ప్రాణం. ఒక్కటే లోపం. ఉత్సాహం పొంగితే ఆయన నోట్లో అంకెలు కూడా పొంగుతాయి. తరగతిలో ముప్ఫైమంది పిల్లలుంటే, గూడెం స్టేషనులో దిగి చెప్పేసరికి ఎనభైమంది అయ్యేవారు.

1951లో భార్య చాముండేశ్వరికి కంటి ఆపరేషను చేయించడానికి సికింద్రాబాదు వెళ్ళాడు. ఆసుపత్రి ఎదురుగా ఒక ఇరానీ హోటలు. దాని యజమాని ఖుదాదాద్‌గారు, తెల్లగడ్డం పెద్దమనిషి, ఇరాన్లో యజ్ద్ అనే ఊరి నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా అక్కడే టీ కాస్తున్నాడు. అందరూ ఆయన్ని సాయిబనే అనుకునేవారు. "కాదండీ, మేము బహాయీలం" అని ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. దేవుడొక్కడే, మతాలన్నీ ఆయన దగ్గర్నించి వచ్చినవే, మనుషులంతా ఒక ఇంటివాళ్ళే అన్నాడు. మాస్టారు పదకొండు రోజులు విన్నాడు, రోజుకు నాలుగు టీలు తాగుతూ. పన్నెండో రోజున చాముండేశ్వరి కళ్ళకట్టు విప్పేసరికి ఎదురుగా నిలబడ్డ భర్త బహాయీ అయిపోయి ఉన్నాడు.

ఆవిడ కంగారు పడలేదు. హిందీ పోయింది, మట్టిపట్టీ పోయింది, ఇదీ పోతుందిలే అనుకుంది. ఇది మాత్రం పోలేదు. మాస్టారు పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకునేవాడు, ఎవరితోనూ వాదనకు దిగడం మానేశాడు. ఆవిడ మట్టుకు తన పూజలు తాను చేసుకునేది.

ఒక ఊళ్ళో తొమ్మిదిమంది బహాయీలుంటే వాళ్ళకొక స్థానిక సభ ఏర్పడుతుంది. మీ ఊళ్ళో ఎందరున్నారని ఖుదాదాద్‌గారు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది మార్చిలో, వాళ్ళ కొత్త సంవత్సరం రోజున, మాస్టారు అరుగు మీద భార్యతో సహా పదిమందిని కూర్చోబెట్టి పానకం పోసి గంటన్నర మాట్లాడాడు. ఇద్దరు మధ్యలో లేచిపోయారు. మిగిలిన ఎనిమిదిమంది పానకం తాగుతూ తలలూపారు. ఊపిన ప్రతి తలా మాస్టారి లెక్కలో ఒక బహాయీయే! తనతో కలిపి తొమ్మిది పేర్లు రాసి పంపేశాడు. సికింద్రాబాదు నుంచి అభినందనల ఉత్తరం వచ్చింది. దానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు కూడా.

మూడేళ్ళు హాయిగా గడిచాయి. 1955 వేసవిలో, బడికి సెలవులున్న రోజుల్లో, ఇంకో ఉత్తరం వచ్చింది.

ఇరాన్లో బహాయీల మీద ప్రభుత్వమే పగబట్టిందని ఖుదాదాద్‌గారు రాశాడు. వాళ్ళ సభామందిరాలను సైన్యం ఆక్రమించుకుంది. రాజధానిలో ఉన్న పెద్ద మందిరం గుమ్మటాన్ని పలుగులతో పొడిచి కూల్చారు. రేడియోలో రోజూ తిట్లు. ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నారు. 'మా తమ్ముడు యజ్ద్‌లో బడిపంతులు. మతం అన్నచోట బహాయీ కానని రాస్తే ఉద్యోగం ఉంటుందన్నారు. ఒక్క మాట. వాడు రాయలేదు. ఇప్పుడు వాడికి ఉద్యోగం లేదు' అని ఉంది. ప్రపంచంలో ఉన్న బహాయీ బృందాలన్నీ ఇరాన్ రాజుకు తంతి కొట్టి రక్షణ కోరాలి, ఉత్తరం అందిన మర్నాటికల్లా అయిపోవాలి. తంతి నమూనా కూడా ఇంగ్లీషులో జతచేశాడు. చివర ఊరిపేరు నింపితే చాలు.

మాస్టారికి ఒళ్ళు జలదరించింది. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే సైకిలెక్కాడు. పోస్టాఫీసు కిటికీ దగ్గరకు చేరేసరికి చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. "పాండురంగారావుగారూ! తంతి! టెహ్రానుకి! రాజుగారికి!" అని అరిచాడు.

తంతి గుమాస్తా పాండురంగారావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఏలూరుకీ కాకినాడకీ చావు కబుర్లూ పెళ్ళి కబుర్లూ కొట్టిన చెయ్యి అది. "రాజుగారికే! మన గూడెం నుంచే! ఇలా ఇవ్వండి మాస్టారూ" అని కాగితం అందుకుని, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చివరి పంక్తి దగ్గర ఆగాడు. "బహాయీస్, తాడేపల్లిగూడెం. చివర ఎస్సుంది. ఎంతమందండీ మీరు?"

ఊరికే అడిగాడు, అంతే. మాస్టారు తొమ్మిదిమందిమి అనబోయాడు. ఖుదాదాద్‌గారి తమ్ముడు గుర్తొచ్చాడు. ఎక్కడో తనలాంటి ఒక బడిపంతులు ఒక్క అబద్ధం రాయనన్నందుకు జీవనాధారం పోగొట్టుకున్నాడు. తను ఎవరూ అడక్కుండానే, ఒక మెచ్చుకోలు కోసం, ఎనిమిది అబద్ధాలు రాశాడు! సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"కాగితం ఇలా ఇచ్చెయ్యండి. రేపొస్తాను" అన్నాడు. పెన్సిలుతో ఆ ఎస్సు కొట్టేశాడు. కొట్టేశాక చూస్తే ఒక్కడు మిగిలాడు. ఒక్కడి మాట ఏ రాజు వింటాడు?

ఇంటికెళ్ళి చాముండేశ్వరికి అంతా చెప్పేశాడు. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతున్న చేట పక్కన పెట్టింది.

"ఏవండీ, నన్నడక్కుండా నా మతం మార్చేశారా? మూడేళ్ళుగా బహాయీనై ఉండి శ్రావణ శుక్రవారాలు చేస్తున్నానా నేను?"

"తప్పయిపోయిందే, చాముండీ."

"తప్పా తప్పున్నరా! మిగతా ఏడుగురూ ఎవరు?"

చెప్పాడు. ఆవిడ ముందు పళ్ళు కొరికింది. తర్వాత నవ్వాపుకోలేకపోయింది. నవ్వు తగ్గాక ఆ ఉత్తరంలోని తమ్ముడి సంగతి మళ్ళీ చదివించుకుంది. "నేను బహాయీని కాను. అలా రాస్తే ఊరుకోను. కానీ ఇల్లు కూల్చకండయ్యా అని చెప్పాలంటే ఆ ఇంటి మనిషినే అయ్యుండాలా? పొరుగింటిదాన్నయితే చాలదూ? అలా రాయండి, నా పేరు పెట్టండి. మిగతావాళ్ళ దగ్గరికీ వెళ్ళి తప్పొప్పుకుని అడగండి" అంది.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే బయల్దేరాడు. స్టేషను దగ్గర కుట్టుమిషను వరదానం ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. తను మూడేళ్ళుగా బహాయీనని విని, మిషను మీదనుంచి కాలు తీసేసి, పడీపడీ నవ్వాడు. తర్వాత సంతకం పెట్టాడు. లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరు లక్ష్మీకాంతం పెట్టాడు. రైసుమిల్లు డ్రైవరు రామకోటి పెట్టాడు. హెడ్మాస్టరు మాత్రం, గవర్నమెంటు అన్న మాట ఉన్న కాగితం తాను ముట్టనని తలుపేసుకున్నాడు. ఇంకో ఇద్దరు, పోలీసులొస్తే పిల్లలుగలవాళ్ళం అన్నారు. మాస్టారు వాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చేశాడు. వాళ్ళని అని ఏం లాభం? భయపడేవాళ్ళ పేర్లనే కదా తను అడక్కుండా ఊరు దాటించాడు.

మిగిలింది ముత్యాలమ్మ. కొల్లేటి లంకలో ఉంటుంది, పాసింజరెక్కి గూడెం వచ్చి చేపలమ్ముతుంది. మోకాలి నొప్పికి మాస్టారి మాత్రలు వాడుతోంది. మర్నాడు తెల్లవారకముందే ఆయన సైకిలుతో సహా రైలెక్కాడు. ఉంగుటూరులో దిగి, కాలవగట్ల వెంట తొక్కి, కొల్లేటి అంచున తాటిదోనె ఎక్కి, వేసవికి నీళ్ళు వెనక్కి పోయినచోట పంచె ఎగ్గట్టి బురదలో నడిచాడు.

"అయ్యో పంతులుగారూ, కబురెడితే నేనే వద్దును గదండి!" అంటూ ఆవిడ ఎదురొచ్చింది.

మాస్టారు తన తప్పు చెప్పాడు, ఇరాన్ సంగతి చెప్పాడు. ఆవిడ వల విదిలించడం ఆపేసింది.

"ఆళ్ళ ఇళ్ళు కూలుత్తున్నారా అండి? ఎవరండి?"

"గవర్నమెంటే."

"ఆయ్! దొంగలు కూలిత్తే గవర్నమెంటుకి చెప్పుకుంటాం. గవర్నమెంటే కూలిత్తే ఆళ్ళెవరికి చెప్పుకుంటారండి?"

"అందుకే మనం చెబుతున్నాం ముత్యాలమ్మా."

"అయితే పదండి. నా వేలు నేనే ఏత్తాను" అని తట్ట నెత్తికెత్తుకుంది.

మధ్యాహ్నం పాసింజరులో ఇద్దరూ గూడెంలో దిగి, తిన్నగా పోస్టాఫీసుకు వెళ్ళారు. గడువుకు అదే చివరి రోజు. మాస్టారు కొత్త కాగితం అందించాడు. ఒక బహాయీ, ఐదుగురు ఇరుగుపొరుగువారు, తాడేపల్లిగూడెం. కింద ఆరు పేర్లు.

"నా వేలు ఎక్కడెయ్యాలండి?" అంది ముత్యాలమ్మ.

"వేలిముద్ర తీగమీద పోదమ్మా. పేరే పోతుంది" అన్నాడు పాండురంగారావు.

"పేరు ఎవరైనా రాసేత్తారండి. వేలైతే నాదే గదండి!"

మాస్టారు తలొంచుకున్నాడు. పాండురంగారావు మారుమాట లేకుండా ఇంకుప్యాడు తెచ్చి, ఆవిడ బొటనవేలు పట్టుకుని, ఫారం మీద ఆవిడ పేరు పక్కన ఒత్తించాడు. తర్వాత కూర్చుని కొట్టడం మొదలుపెట్టాడు. టక్కు టక్కు మంటూ పేర్లు వెళ్ళిపోతుంటే ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

"ఎందాకా పోయిందండి?"

"ఏలూరు దాటేసిందమ్మా!"

"అమ్మో! మా పాసింజరైతే ఈపాటికి బాదంపూడి కూడా చేరదండి!"

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడే కార్డు కొని, ఇక్కడ తొమ్మిదిమంది లేరు, ఎప్పుడూ లేరు, నేనొక్కణ్ణే, క్షమించండి అని ఖుదాదాద్‌గారికి రాసి, కింద తంతిలో వెళ్ళిన ఆరు పేర్లూ, ముత్యాలమ్మ వేలిముద్ర సంగతీ చేర్చి డబ్బాలో వేశాడు. పడగానే గుండె తేలికైంది.

రాజుగారి నుంచి జవాబు రాలేదు. రెండు నెలలు పోయాక ఖుదాదాద్‌గారి నుంచి వచ్చింది. 'మీరు పంపిన పేర్లు మా తమ్ముడికి రాశాను. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి పైకి చదివాడట. వాడికి ఇంకా ఉద్యోగం లేదు. కానీ ఒక్కటి అడగమన్నాడు. ముత్యాలమ్మ ఎవరు?'

మాస్టారు ఉత్తరం పట్టుకుని స్టేషనుకు పరుగెత్తాడు. పాసింజరు అప్పుడే వచ్చి ఆగుతోంది. ముత్యాలమ్మ తట్టతో దిగీదిగకముందే ప్లాట్‌ఫారం మీదే చదివి వినిపించాడు. ఆవిడ తట్ట కిందికి దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆ ఉత్తరాన్ని ఒకసారి ముట్టుకుంది.

"ఏమని రాయమంటావు? ఎక్కడి కొల్లేరు, ఎక్కడి యజ్ద్! ఎంత దూరమో కూడా వివరంగా రాయనా?"

"వద్దండి" అంది ముత్యాలమ్మ. "పక్కింటిదాన్నని రాయండి. దూరం సంగతి ఆయనకి చెప్పకండి."

మాస్టారు అలాగే రాశాడు.