రబ్బరు చుట్టున్న డబ్బా

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అవ్వ, వాళ్ల అక్క మాట్లాడుకున్న వీడియో ఉన్న మెమరీ కార్డును నేను వాషింగ్ మెషిన్లో వేసి ఉతికేశాను.

కుర్తా జేబులో మరిచిపోయాను. బట్టలు తీస్తుంటే డ్రమ్ము అడుగున తపాలా బిళ్లంత నల్లటి ముక్క, తడిగా మెరుస్తూ కనబడింది. అవ్వ పక్కనే నిలబడి దుప్పటి విదిలిస్తోంది. చప్పున పిడికిట్లో దాచుకున్నాను. చూడలేదనే అనుకున్నాను.

ఆ వీడియో మళ్లీ తీయగలిగేది కాదు. బాహూరులో పెద్దవ్వ ఇంటి అరుగు మీద ఇద్దరూ కూర్చుని, చిన్నప్పుడు నాట్లకు పోయి బురదలో జారిపడ్డది ఎవరో తేల్చుకోలేక నవ్వుతారు. మూడు నెలలకు పెద్దవ్వ పోయింది. మా ఇంట్లో తెలుగు నోటికే గానీ చేతికి లేదు. అందరి చదువూ తమిళంలోనే. అక్షరాలు నేనొక్కదాన్నే పుస్తకాల ఆశతో సొంతంగా నేర్చుకున్నాను. వాళ్ల మాటలు డైరీలో రాసుకోగలిగాను గానీ, ఆ నవ్వును ఎలా రాయాలో తెలియలేదు. కాపీ తీసి పెట్టుకోవాలన్న బుద్ధి అప్పటికి లేదు.

కార్డును పుస్తకాల అరలో ఆరబెట్టాను. రెండు రోజులు దాన్ని కెమెరాలో పెట్టే ధైర్యం రాలేదు. రోజూ సాయంత్రం కాఫీ తాగి "అక్కను చూపియ్యి పాపా" అనే అవ్వ ఆ రెండు రోజులూ అడగలేదు. నా అదృష్టం అనుకున్నాను. మూడో రోజు పెట్టి చూస్తే పెద్దవ్వ నవ్వింది. మర్నాడే ఆఫీసులో కాపీ తీసుకున్నాను. అవ్వకు మాత్రం కాపీ లెక్కలోకి రాదు. వాళ్ల అక్క ఉన్నది ఆ ముక్కలోనే. దాన్ని ఆమె కార్డు అనదు, బిళ్ల అంటుంది.

ఆ సంగతి మరిచిపోయి, శనివారం కార్డుకు డబ్బా కొనడానికి టౌనుకు పోతున్నానని చెప్పాను. తనూ వస్తానంది. కెమెరా సామాన్ల అంగట్లో నేను నోరు తెరిచేలోపే, సంచిలోంచి పసుపు గుడ్డలో చుట్టిన రేషన్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఇంత పెద్ద కార్డు పట్టే కెమెరా ఇంకా రాలేదవ్వా, అన్నాడు అంగడతను తమిళంలో. నేను సిగ్గుతో చచ్చిపోతూ అసలు కార్డు తీసి చూపించాను.

"బిళ్లకా? ముందే చెప్పేదానికి ఏంది మే నీకు?" అంది అవ్వ. ఉన్న డబ్బాలన్నీ తెమ్మని అతనికి పని చెప్పింది.

మొదటిది పలచటి ప్లాస్టిక్‌ది. గోరు తగిలితేనే తెరుచుకుంది, పక్కన పెట్టేసింది. రెండోది జిప్పు పర్సు. లోపల చిన్న చిన్న అరలు, నీలం అంచు. నాకు అదే నచ్చింది. అవ్వ దాన్ని తిప్పి చూసి, ఇదీ జేబు మాదిరే కదా అని వెనక్కి తోసింది. మూడోది బండది, అందం లేదు, మూత చుట్టూ నల్లటి రబ్బరు. అవ్వ వేలితో ఆ రబ్బరును తడిమింది. కుక్కరు మూతకుండే రబ్బరు లాంటిదే కదా అని నన్ను అడిగింది.

తర్వాత ఆమె చేసిన పనికి నేను గాజు బీరువా వెనక్కి పోయి నిలబడ్డాను. మా బస్సు టికెట్టు మడిచి ఆ డబ్బాలో పెట్టి, మూత నొక్కి, నీళ్లు తెమ్మంది. అతను కాసేపు తటపటాయించి, నేల తుడిచే బకెట్టే తెచ్చాడు. అవ్వ మోచేతి దాకా చెయ్యి ముంచి డబ్బాను అడుగున అదిమి పట్టుకుంది. అంగట్లో ఉన్న వాళ్లందరూ చూస్తున్నారు. పైకి తీసి, కొంగుతో తుడిచి తెరిచింది. టికెట్టు పొడిగా ఉంది.

విల్లియనూరు బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. కార్డును తనే ఆ డబ్బాలో పెట్టి, రెండుసార్లు నొక్కి చూసి, నా చేతికిచ్చింది. నా వైపు చూడకుండా, బయటికి చూస్తూనే అంది:

"ఇంగ మిషన్లో ఏసినా ఏం కాదులే, పాపా."