దక్షిణం తలుపు దగ్గర ఉప్పు

మా ఇంట్లో దయ్యాల మాటెత్తితే నవ్వులపాలు కావలసిందే. మా ఆయన కెమిస్ట్రీ లెక్చరర్. గాలి లేకుండా దీపం ఆరిపోయిందంటే వత్తి ఎందుకు ఆరుతుందో అరగంట పాఠం చెప్తారు. నాకూ అలాంటి భయాలు లేవు. చిన్నప్పుడు కోదాడలో, లారీ డ్రైవరైన మా నాన్న డ్యూటీకి వెళ్ళిపోతే, అమ్మా నేనూ ఎన్నెన్ని కిరాయి ఇళ్ళలో ఒంటరిగా పడుకున్నామో! మమ్మల్ని భయపెట్టినవాళ్ళు ఇంటి ఓనర్లే తప్ప దయ్యాలు కాదు. ఏడాది తిరక్కుండానే ఖాళీ చేయమనేవారు. బిందెలు, మంచం రిక్షాలో వేసుకుని వెనకాల నడిచేవాళ్ళం. గోడకు సొంతంగా ఒక మేకు కొట్టుకునే ఇల్లుంటే చాలని అప్పట్లోనే అనుకున్నాను.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజుల్లో మా ఆయనకు మచిలీపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అక్కడివాళ్ళు బందరు అంటారు. ఒకప్పుడు ఓడలకు బట్టలెక్కించిన ఊరు. ఇప్పుడు ఓడలు లేవు గానీ బజారు ఉంది, బజారు వెనక సందుల్లో పాత వ్యాపారుల ఇళ్ళున్నాయి. మేం కొన్నది అలాంటి పెంకుటిల్లే. ముందు అరుగు, మధ్యలో చిన్న వాకిలి, వెనక వంటగది. వంటగదికి దక్షిణంగా సందులోకి ఒక తలుపు, దానికి అరిగిపోయిన రాతి గడప. మధ్యాహ్నం ఆ తలుపు తీస్తే సముద్రపు గాలి వచ్చి ఇల్లంతా తిరిగేది. నేను ఆ గాలికే పడిపోయాను.

మా ఆయన నాన్న, అంటే మా మామయ్యది మా వైపే, త్రిపురారం. కాలువ కింద వరి పండించే మనిషి, వాస్తు పట్టింపు మెండు. ఇల్లు చూడడానికి వచ్చి అంతా బాగుందన్నాడు. దక్షిణం తలుపు దగ్గరకొచ్చేసరికి నిలబడిపోయాడు.

"గిది యముని దిక్కు బిడ్డా. గీ తలుపు మూసేదాక నేను గీ ఇంట్ల అన్నం ముట్ట" అన్నాడు.

మా వైపు కొత్తిల్లు కొన్నవాళ్ళు మొదట చేసే పని ఇదే, ఒక తలుపు మూయడం. బందరులో మేస్త్రీ కూడా ఆశ్చర్యపోయాడు. "గాలొచ్చే తలుపండీ ఇది" అన్నాడు. అయినా చేయించాం. తలుపు తీసేసి, సందు వైపు ఇటుకలతో కట్టేశారు. గోడ మందంగా ఉండడంతో లోపలివైపు గడప ఒక అరలా మిగిలింది. దాని మీద పచ్చడి జాడీలు పెట్టుకున్నాను.

మొదటిసారి చూసింది ఒక మధ్యాహ్నం. కాస్త నడుం వాల్చి లేచి వచ్చేసరికి జాడీల పక్కన దోసెడు ఉప్పు కుప్పగా పోసి ఉంది. మేం వాడేది ప్యాకెట్ ఉప్పు. ఇది రాళ్ళ ఉప్పు. బూడిద రంగు, కొంచెం తడి, అడుగున సన్నటి ఇసుక.

సముద్రం దగ్గరి ఊళ్ళలో గోడలకు ఉప్పు తేలుతుందని మా ఆయన తేల్చేశారు. సరే అనుకుని ఊడ్చేశాను. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన కూర్చుని పరీక్షగా చూశారు. గోడకు తేలేది పిండిలా ఉంటుంది, గీస్తే రాలుతుంది. ఇది పలుకులు పలుకులుగా ఉంది. నాలుక మీద వేసుకుని చూసి, "వంట ఉప్పే" అన్నారు. ఆ మాట అన్నాక పాఠం చెప్పలేదు. అప్పుడు మాత్రం నాకు కొంచెం భయమేసింది.

తర్వాత ఇద్దరికీ అదో పట్టుదల అయిపోయింది. ఎలుకలేమోనని బోను పెట్టాం. పనమ్మాయి మీద అనుమానపడడం తప్పనిపించి, ఆమె సెలవు పెట్టిన రోజుల్లో చూశాం. అప్పుడూ వచ్చింది. వంటగది నేలంతా బియ్యప్పిండి చల్లి, తాళం వేసి, హాల్లో కూర్చున్నాం. తీసి చూస్తే పిండి చల్లింది చల్లినట్టే ఉంది. గడప మీద ఉప్పు ఉంది.

పండక్కి కాదు, మామూలుగానే చూడడానికి మామయ్య మళ్ళీ వచ్చాడు. దాచుదామనుకున్నాం గానీ ఆయన కంటపడనే పడింది. ఊళ్ళో అయితే ఉప్పు, నిమ్మకాయ ఎవరి ఇంటి ముందైనా కనపడితే దాని అర్థం ఒక్కటే.

"ఎవరో ఏందో చేసిన్రు. ఇగ ఈ ఇల్లు వద్దు, అమ్మెయ్యిండ్రి. ఇల్లు పోతే ఇంకోటొస్తది, మనుషులొస్తరా?" అన్నాడు.

మా ఆయన తండ్రి మాట కాదనలేక కొనేవాళ్ళ కోసం వాకబు మొదలుపెట్టారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా బతుకులో మొదటి సొంత గోడలు అవి. మళ్ళీ బిందెలు, మంచం, రిక్షా నా కళ్ళ ముందు తిరిగాయి.

ఇల్లు అమ్మేస్తున్నామని తెలిసి పక్కింటి మామ్మగారు వచ్చారు. ఆ సందులోనే పుట్టి పెరిగిన మనిషి. నేను ఉండబట్టలేక అంతా చెప్పేశాను. ఆవిడ భయపడలేదు సరికదా, మూసిన తలుపు కేసి చూసి నన్నే కోప్పడ్డారు.

"ఆ తలుపెందుకు మూశారమ్మా? ఉప్పుల పోలమ్మ వచ్చే తలుపు అది! మధ్యాహ్నం బజారు సద్దుమణిగాక ఉప్పు గంపెత్తుకుని అమ్మడానికి వచ్చేది. ఉప్పు చేతికివ్వకూడదు కదా, గడప మీద పోసి వెళ్ళిపోయేది. ఇంట్లోవాళ్ళు కునుకు తీసి లేచాక తీసుకునేవాళ్ళు. నా పెళ్ళి కాకముందే పోయిందిలే పాపం."

ఉప్పు చేతికివ్వకపోవడం మా కోదాడలోనూ ఉంది. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకుంటారు. చేతికిస్తే గొడవలొస్తాయంటారు. అంటే నేను ఇన్నాళ్ళూ ఊడ్చి పారబోసింది ఎవరో నాకు మర్యాదగా ఇచ్చిన ఉప్పా అని ఎంతో సిగ్గేసింది.

మర్నాడే మేస్త్రీని పిలిపించి గోడ తీయించాను. మా ఆయన అడ్డు చెప్పలేదు. తలుపు మళ్ళీ పెట్టాం, గాలి వచ్చింది. ఆ తర్వాత ఉప్పు ఎప్పుడూ రాలేదు, ఆమె అడిగింది ఆ తలుపేనేమో. పోలమ్మ సంగతంతా చెప్పినా మామయ్య మాత్రం చాలా రోజులు మాతో మాట్లాడలేదు. ఆ ఇంటికి మళ్ళీ రానేలేదు.

ఆ ఇంట్లో ఏ బెంగా లేకుండా బతికాం. నేను 'అండీ' అనడం నేర్చుకున్నాను, మామ్మగారు 'జర' అనడం నేర్చుకున్నారు. ఇంతలో రాష్ట్రం రెండవుతోందని ఖాయమైంది. మమ్మల్ని పొమ్మన్నవాళ్ళెవరూ లేరు. కానీ "మీరెప్పుడు వెళ్తున్నారు?" అని కూరగాయల కొట్లో కూడా అడగడం మొదలైంది. ఆయన కోదాడలో కాలేజీ చూసుకున్నారు. బందరు ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి షాపులు కట్టారని తర్వాత మామ్మగారు ఫోన్‌లో చెప్పారు. ఇక పోలమ్మకు గడపే లేదు కదా అనుకున్నాను.

కోదాడలో కొత్త కాలనీలో, పక్కనే ఉన్న చిలుకూరు వెళ్ళే వైపు, ఒక డాబా కొన్నాం. దానికి వెనక తలుపు పడమరకుంది. మామయ్య చూసి సరేనన్నాడు. గృహప్రవేశం రోజు పాలు పొంగించాం, చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయారు. ఎండ దంచుతోంది. మామయ్య వెనక వరండాలో కుర్చీ వేసుకుని చుట్ట కాలుస్తున్నాడు. నేను గిన్నెలు సర్దుతున్నాను.

"బిడ్డా, జర ఇటు రా" అని పిలిచాడు.

వెళ్ళాను. వెనక గడప మీద దోసెడు ఉప్పు. బూడిద రంగు, తడి, అడుగున ఇసుక. ఇక్కడి నుంచి సముద్రానికి పోవాలంటే విజయవాడ దాటి ఇంకా పోవాలి. నేను మామయ్య మొహం కేసి చూశాను. ఈ ఇల్లు కూడా అమ్మమంటాడేమో అనుకున్నాను.

ఆయన చుట్టతో గడప వైపు చూపించాడు. "నేను గీడనే ఉన్న. కన్ను మూయలే. ఎవరూ రాలే" అన్నాడు. చుట్ట ఆర్పి, "చేతికియ్యలే గద, గడప మీదనే పోసింది. గంత దూరంకెల్లి మోసుకొచ్చింది. పారబొయ్యకు, తీస్కో" అన్నాడు.

ఇదంతా ఎలా జరిగిందో నాకు తెలీదు. మా ఆయన ఇప్పటికీ ఏదో ఒక కారణం వెతుకుతూనే ఉంటారు, దొరికితే నేనూ వింటాను. ఆ రోజు మాత్రం వంగి, ఆ ఉప్పు దోసిట్లోకి ఎత్తుకుని, రాత్రి పప్పులో అదే వేశాను. మామయ్య రెండోసారి పప్పు పోయించుకుని తిన్నాడు.