తల తెగిన పటం

మా తోటికోడలికి మొగుడున్నాడు. నాకు లేడు. నా కడుపుమంట అక్కడే మొదలైంది.

బోధన్‌లో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. నా మనవరాలు, ఆమె మనవరాలు ఒకే తరగతి. భారతదేశం పటాన్ని అట్టకు అంటించి తెమ్మన్నాడు సారు. అన్నిట్లో బాగున్నదాన్ని తరగతి గోడకు తగిలిస్తాడట. ఆమె మొగుడు, మా బావ, నిజామాబాద్ పోయి రంగురంగుల పటం కొనుక్కొచ్చాడు. నా మనవరాలు షక్కర్‌నగర్ దారిలోని నెట్ సెంటరులో ఒక పటం కాగితం తీయించుకొచ్చింది. నాకు కుళ్లు రాక ఏమవుతుంది?

తోటికోడలు ఊరుకోకుండా గోడ మీదినుంచి ఆ పటం చూపించింది. నాకు చదువు రాదు గానీ తెలంగాణ ఆకారం తెలియకపోవడమేమిటి? ఉద్యమం నాడు ఏ గోడ చూసినా అదే బొమ్మ. మా ఆయన ఆ బొమ్మ ఉన్న జెండా పట్టుకుని ఎండలో రోడ్డు మీద కూచున్నాడు. మా బావ బందునాడు కూడా షట్టర్ సగం లేపి కిరాణా అమ్ముకున్నాడు. ఇప్పుడు ఆయన తెచ్చిన పటంలో మన రాష్ట్రమే లేదు! పాత సరుకు, ఇంకా ఆంధ్రతో కలిపే ఉంది.

"మంచిగుందక్కా" అని లోపలికొచ్చాను. ఎంత సంబరమో.

ఆ సంబరంలోనే మనవరాలి కాగితం నేను కత్తిరిస్తానన్నాను. బీడీల ఆకు కత్తిరించే చెయ్యి నాది, అంచు తప్పదు. పైన, తల దగ్గర, చుక్కల గీత కనబడింది. తునికాకు మీద చుక్కలుంటే పురుగు కొట్టిందని అక్కడికి కోసి పారేస్తాం. కత్తెర దానంతటదే అటు తిరిగింది. తెగిన ముక్క ఆకు తుక్కుతో కలిసి పొయ్యిలోకి పోయింది.

మరునాడు, పటానికి తల లేదని సారు తిప్పి పంపాడని పిల్ల ఏడ్చుకుంటూ వచ్చింది. బీడీల చాట పక్కన పెట్టి బడికి పోయాను. సారు కోప్పడలేదు. అది బయటి దేశంవాళ్లు గీసిన పటమట. ఆ జాగ మీద జగడం ఉందని వాళ్లు చుక్కలు పెడతారట. మన పుస్తకంలో చుక్కలుండవు, గీత నిండుగా ఉంటుందని తెరిచి చూపించాడు. ఎవరి పుస్తకంలో వాళ్లకు కావలసినట్టు గీసుకుంటే నాకేం తెలుస్తుంది?

ఎదురుగా గోడకు మా బావ పటం వేలాడుతోంది.

"మరి గా పటంల తెలంగాణనే లేదు గద సారు. దాన్నెట్ల తగిలేసిండ్రు?"

ఆయన నవ్వి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. మన రాష్ట్రం చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీసి ఉంది.

"లేని గీతను గీసిన. కోసేసిన జాగను యాడికెల్లి తేవాలమ్మా?"

కొంగు సర్దుకుని బయటికొచ్చాను.

గేటు దగ్గర తోటికోడలు ఎదురైంది. మనవరాలి పటం చూడ్డానికే వచ్చిందట.

"సూసినవా చెల్లె? మాదే పెట్టిండ్రు."

"సూసినక్కా. పటం మీదే. గా ఎర్ర గీత మాత్రం మా ఆయనది."

ఆమె మొహం మాడిపోయింది. దారంతా నా కాళ్లు తేలిగ్గా పడ్డాయి. ఇంటికొచ్చి చూస్తే, తల లేని పటాన్ని ఒళ్లో పెట్టుకుని నా మనవరాలు గోడవైపు తిరిగి కూచుంది.