చేతి తూకం

పాతపట్నం నుంచి వచ్చే బస్సులో నిలబడటానికే చోటు దొరికింది. నా చేతిలో ఎనభైల నాటి కంప్యూటర్. యంత్రమంతా కీబోర్డులోనే ఉండి, టీవీకి తగిలించుకునే రకం. నాలాగే పాతవి పోగేసే స్నేహితుడు, నా దగ్గరున్నవాటిలో మంచిది తీసుకుని బదులుగా దీన్నిచ్చాడు.

సీట్లో ఉన్న చేపలమ్మే ఆవిడ దాన్ని అందుకుని, అరచేతిలో ఒకసారి తూచి చూసింది.

"ఇదేటి బాబూ?"

"కంప్యూటరమ్మా. సరుకంతా అందులోనే ఉంది."

"ఏటున్నాది? పేగులు తీసేసిన సేపనాగుంటేను!"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నేను దిగేదాకా దాన్ని ఒళ్లోనే ఉంచుకుంది.

ఇంటికొచ్చి స్క్రూలు విప్పితే లోపల సర్క్యూట్ బోర్డే లేదు.

పాతపట్నంలో నన్ను బస్సెక్కిస్తూ, దాన్ని రెండు చేతులా నాకందించి ఆ స్నేహితుడన్నాడు: "కింద ఎట్టకురా. కుదుపుకి లోపలివి కదిలిపోతాయి."