బకెట్‌లో నానిన నైటీ

కువైట్‌లో నేను చేసింది వంటపని అని మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. కాదు తల్లీ, గుడ్డలు. పొద్దున లేస్తే గుడ్డలు, పడుకోబోయే ముందూ గుడ్డలే. మా సీమలో బిందెడు నీళ్లతో ఇంటిల్లిపాది బట్టలూ జాడించేవాళ్లం. అక్కడ ఒకసారి తుడుచుకున్న తువ్వాలు మళ్లీ ముట్టరు. మగవాళ్ల తెల్లటి పొడుగు చొక్కాలు కాస్త నలిగినా మళ్లీ ఉతకాల్సిందే. మిద్దె మీద ఆరేస్తే దుమ్ముగాలి వచ్చేది, కథ మళ్లీ మొదటికి. "మిషనే ఉతుకుతుంది కదా, నీకేం కష్టం?" అంటారు. అందులో ఎవరు వేస్తారు, ఎవరు తీస్తారు, ఇస్త్రీ ఎవరు చేస్తారు? మిషన్‌కు కాళ్లూ చేతులూ ఉన్నాయా ఏమన్నా? గొడ్డు చాకిరీ అది.

ఒంటిమిట్ట దగ్గరున్న మా ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు కూడా మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తున్నాను.

"అక్కా, అమ్మ పోయిందిక్కా," అన్నాడు. చేతిలోని దుప్పటిని తీగ మీద పడేశాను. తర్వాత వాడే అన్నాడు: "నువ్వు యాడ వస్తావులే ఈ టయానికి. నేను చూసుకుంటాండా. ఒంటి మింది గుడ్డలతోనే తలకు నీళ్లు పోసుకో. ఆ గుడ్డలు మాత్రం నువ్వు ఉతుక్కోవాకు."

అది మా ఇంటి ఆచారం. చావుకబురు విన్న మనిషి కట్టుకున్న గుడ్డలతోనే తలస్నానం చేయాలి. తడిసిన ఆ మైల గుడ్డల్ని ఇంకో చెయ్యి ఉతకాలి. ఊళ్లో అయితే చాకలి పెద్దమ్మ వచ్చి ఎత్తుకుపోయేది. మన మైల మనమే ఉతుక్కుంటే పోయినవాళ్లకు దిక్కు లేనట్టని అమ్మే చెప్పేది.

సెలవు అడిగితే మేడమ్ వాళ్లు రంజాన్ పండగయ్యాక చూద్దామన్నారు. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. సరే, కడసారి మొహం చూసే రాత లేదు. ఈ ఒక్కటైనా అమ్మకు సక్రమంగా జరగాలని మొండిపట్టు పట్టాను. నైటీతోనే స్నానం చేసి, దాన్ని విడిచి బకెట్‌లో వేసి మిషన్ పక్కన పెట్టాను.

వంట చేసే శ్రీలంకామెను ఉతికిపెట్టమని అడిగాను. ఆమె చేపలు కడుగుతోంది. "నీ చేతులకేమైంది?" అంది తల ఎత్తకుండానే. పాపం, ఆమెకు మాత్రం పని తక్కువా? వచ్చీరాని అరబ్బీలో ఇదంతా ఎక్కడ చెప్పను? వెనక్కి వచ్చేశాను. ఇంటెడు మందికీ ఉతికేదాన్ని, నా ఒక్క నైటీ ఉతికే దిక్కు లేదే అని కడుపు మండిపోయింది. ఏడుపు మాత్రం రాలేదు. ఇస్త్రీపెట్టె వేడెక్కింది, వెళ్లి చొక్కాలు ఇస్త్రీ చేశాను.

మర్నాడు సాయంత్రానికి బకెట్ వాసన కొట్టింది. మేడమ్ చూసింది.

"ఇదేంటి, ఇల్లంతా కంపు! బద్ధకం ఎక్కువైంది నీకు!" అని అరిచింది. మా అమ్మ పోయిన సంగతి ఆమెకు తెలుసు. తెలిసే అరిచింది. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె ముక్కు మూసుకుని, రెండు వేళ్లతో నైటీ ఎత్తి మిషన్‌లో పడేసింది. సబ్బుపొడి పోసి, మీట నొక్కి, తిట్టుకుంటూ వెళ్లిపోయింది. నేనున్నన్నాళ్లలో ఆమె మిషన్ ముట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

తిడితే తిట్టిందిలే. ఉతికింది పరాయి చెయ్యే కదా. నేల మీద కూలబడి, ఆ మిషన్ ఆగేదాకా అమ్మా అమ్మా అని ఏడ్చాను.