పడుకోబెట్టిన గీత

మా ఆయన మిల్లులో పెద్ద ఫ్యాను దగ్గర కాపలా. ఫ్యాను అంటే మనింట్లో తిరిగేది కాదు, గదంత ఉంటుంది. దాని ఇరుసు ఎంత వణుకుతుందో ఒక సెన్సారు క్షణక్షణం చెబుతుంటే, తెర మీద గీత సాగిపోతూ ఉంటుంది. గీత మారితే ఆయన కేక వెయ్యాలి. పంతొమ్మిదేళ్లు అదే పని. ఇంటికొచ్చినా ఊరుకునేవారు కాదు, ఫ్రిజ్ మీద చెయ్యి వేసి "దీనికి ఒంట్లో బాగోలేదే" అనేవారు.

"నాకు బాగోలేనప్పుడు మాత్రం తెలీదు!"

"నీకు నోరుందిగా, సెన్సారెందుకే?"

మిల్లు పెద్దలు చూడ్డానికి వచ్చినప్పుడు గీత వంకర్లు పోతే నామోషీ అని, కొత్త ఇంజనీరు అంతవరకు పది దాకా ఉన్న తెర కొలతని సున్నా నుంచి వంద దాకా పెట్టించాడు. వణుకు మామూలుగా రెండు, ఎనిమిది దాటితే గండం. వంద ఎత్తున్న బొమ్మలో రెండేమిటి, ఎనిమిదేమిటి? రెండూ నేల మీద పాకే చీమలే. గోలగా ఉందని అలారం కూడా ఆపించాడు. ఈయన మూడుసార్లు చెప్పి చూశారు. "నీ పని నువ్వు చూసుకో, నాకు పాఠాలొద్దు" అన్నాడట.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఫ్యాను రెక్క ఊడి గోడ చీల్చుకొచ్చింది. ఆయన ఇక ఇంటికి రాలేదు.

రెండు వారాలకి నన్ను ఆఫీసుకి పిలిచి, విచారణ అధికారి సంతకం పెట్టమని ఒక కాగితం ముందుకి తోశాడు. కాపలా మనిషి నిద్రపోయి మార్పు గమనించలేదని రాసుంది. ఐదో తరగతి చదువు నాది, అయినా ఆ ముక్క అర్థమైంది.

"ఎవరు చూశారు నిద్రపోవటం?"

"పొద్దుటి నుంచి వణుకు రెండు నుంచి తొమ్మిదికి పెరిగిందమ్మా. మెలకువగా ఉంటే కనపడదా?" అన్నాడు పక్కనే కూర్చున్న ఇంజనీరు.

"ఏదీ, ఆ రోజు ఆయన చూసిన తెరే పెట్టండి. ఎక్కడ పెరిగిందో వేలు పెట్టి చూపించండి."

ఇంజనీరు అక్కడి కంప్యూటర్లో పెట్టాడు. వేలు అటూ ఇటూ తిరిగింది. అధికారి కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు. ఆయనకీ దొరకలేదు.

"ముగ్గురం మేలుకునే ఉన్నాంగా! ఇప్పుడు పైకొలత పది చెయ్యండి."

గీత కొండలా లేచింది.

"సరేనమ్మా, సాంకేతిక లోపం అని మారుస్తాం" అన్నాడు అధికారి.

"లోపం దానంతటది పుట్టిందా? వంద పెట్టిందెవరో, అలారం ఆపించిందెవరో రాయండి."

"పిన్నిగారూ, పిల్లలు గలవాణ్ణి..." అన్నాడు ఇంజనీరు.

"ఆయనకి లేరా?"

'ఇంజనీరు' అని రాయబోతే ఒప్పుకోలేదు. ఇంటిపేరుతో సహా రాయించి, అప్పుడు పెట్టాను సంతకం.