గంగాధరన్న పూటకూళ్ళ ఇల్లు

పైకప్పు మీద వాన చప్పుడు, పొయ్యిలో కట్టెలు చిటపటలాడే చప్పుడు. ఈ రెండూ కలిసి వినబడితే నాకు ఒక మహాకావ్యం చెప్పాలనిపిస్తుంది. కొండంత రెక్కల ఉడుములు, పన్నెండు కోటలు, శపథాలు, చివర్న ఒక వీరుడి పతనం. సర్దుకుని కూర్చోండి అని చెప్పి, వెంటనే క్షమించమని కూడా అడుగుతున్నాను. కోటలు లేవు. ఉడుము ఒకటుంది, అదీ కాగితం మీద. వీరుడేమో ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే నలభై ఏడేళ్ళ మనిషి, పైగా ఆయనకు గ్యాస్ ట్రబుల్. ఆ చప్పుడు మొన్న హిందూపురంలో మా ఆఫీసు కింద ఉన్న నెట్ సెంటర్లోంచి వచ్చింది. పిల్లలు ఏదో ఆట ఆడుతున్నారు. తెర మీద అడవి అంచున ఒక పాత పూటకూళ్ళ ఇల్లు, బయట వాన, లోపల మంట. టీ గ్లాసు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ ఇంట్లో నేను పదేళ్ళ కింద చాలాసార్లు భోంచేశాను.

గంగాధరన్న ధర్మవరంలో మా పక్క గదిలో అద్దెకుండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "డిజైన్ కుదరల్యా" అనేవాడు. చీరలు నేయించే షావుకారు దగ్గర పని; పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చిన్న చిన్న గళ్ళ కాగితం ముందు కూర్చుని, ఒక్కో గడిలో ఎర్ర రంగు నింపేవాడు. గడి అంటే చీరలో ఒక పోగు. ఆయన నింపిన గళ్ళను చూసి ఇంకొకరు అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కుతాయి, అంచులో హంసో నెమలో నడుస్తుంది. ఒక గడి తప్పితే ఊళ్ళో ఎవరి పెళ్ళిలోనో హంసకు ముక్కు ఉండదు. నేనప్పుడు డిగ్రీ రెండోసారి తప్పి ఖాళీగా ఉన్నాను. మా వీధిలో ఎవరు ఏడ్చినా, ఎవరు ఎగిరినా, ఒక మాటతో గాలి తీసేయడం తప్ప నాకు వేరే ఉద్యోగం లేదు.

సెలవురోజుల్లో మా చేత ఒక ఆట ఆడించేవాడు. అది ఆయనకు బెంగళూరులో పాత కాగితాల అంగట్లో దొరికిన పుస్తకం నుంచి పుట్టింది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది, ఆయనకు ఇంగ్లీషు రాదు, అందుకే ఆట బాగా కుదిరింది. బొమ్మలు చూసి నియమాలు ఆయనే కల్పించాడు. పాచికల బదులు ఏడు గవ్వలు. రెక్కల పామును ఉడుమన్నాడు. బొమ్మల్లో పీపాల నిండా ఉన్నది రాగి అంబలి అని తేల్చాడు. అడవి అంచున ఉన్న ఇంటిని ఒక అవ్వ నడిపే పూటకూళ్ళ ఇల్లు చేశాడు. మేం బాటసారులం: నేనూ, ఆదివారాలు హిందూపురం ఫ్యాక్టరీ నుంచి వచ్చే నా స్నేహితుడు శామ్యూలూ. ఆయనే అవ్వ, ఆయనే ఉడుము, ఆయనే వాన. మా ఊళ్ళో మూడేళ్ళుగా సరైన వాన లేదు కానీ ఆ లోకంలో మాత్రం ఎప్పుడూ వానే.

ఆ ఇంటికొక నియమం ఉండేది. గడప దాటిన వాడిని అవ్వ మూడు ప్రశ్నలు అడుగుతుంది. "యాడ్నుంచి వస్తాండావు? యాడికి పోతాండావు? ఏం తింటావు?" మొదటి రెండింటికీ నిజం చెబితేనే మూడోది. నేను మొదటిరోజే "డిగ్రీ కాలేజీ నుంచి వస్తాండా, మళ్ళా డిగ్రీ కాలేజీకే పోతాండా" అన్నాను. శామ్యూల్ పడీపడీ నవ్వాడు. గంగాధరన్న నవ్వలేదు. అవ్వ గొంతుతో, "నిజమే చెప్పినావు గానీ నాయనా, నవ్వుతా చెప్పినావు. సగం సంగటే పెడతా" అన్నాడు. నేను ఆ ఆటలో రెండు నెలలు సగం సంగటి, ఊరుబిండి పచ్చడి తిని బతికాను.

గవ్వలు వేశాక ఆయన వాటిని చూసేవాడు కాదు, అరచేత్తో తడిమేవాడు. "ఏమన్నా, గవ్వలకు జరమా, తాకి చూస్తాండావు?" అన్నానొకసారి. "నువ్వు దొంగాట ఆడతావని" అన్నాడు. కానీ వారం తిరక్కుండానే గళ్ళ కాగితం నా ముందుకు జరిపి, మెల్లగా అడిగాడు. "సీనా, ఈ గడి నింపినానా, ల్యాదా?" నింపలేదు. దాని పక్కవి నాలుగూ కూడా నింపలేదు. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చిందట, ఇప్పుడు నడిమధ్య కూడా మంచు పట్టిందట. "ఎవురికీ చెప్పొద్దు. షావుకారు కంప్యూటర్ డిజైన్ల మనిషిని బెంగళూరు నుంచి పిలిపిచ్చాలని చూస్తాండాడు. నాకు కండ్లు పోతాండాయని తెలిస్తే రేపే పిలుస్తాడు" అన్నాడు. ఆయనకు తెలిసిన పని అదొక్కటే. ఒట్టు వేశాను. ఆ రోజు నుంచి ఆయన చెబుతుంటే గళ్ళు నేను నింపేవాణ్ణి. హంసలు ఆయనవి, రంగు నాది. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేసి, చాలా తెలివైన వాళ్ళమనుకున్నాం.

అలా ఏడాది కావస్తుండగా నేను నా జీవితంలో అతి గొప్ప తమాషా ఒకటి చేశాను. అంచుకు ఎన్ని గళ్ళో సరిగ్గా అన్నే గళ్ళలో, అదే ఎర్ర రంగుతో, పూటకూళ్ళ ఇంటిని గీశాను. బోదగడ్డి కప్పు, తలుపు, తలుపు ముందు గరిటె పట్టుకున్న అవ్వ. ఆయన కాగితాన్ని ముక్కుకు ఆనించి చాలాసేపు చూసి, "అవ్వ నా మాదిరే ఉండాదే" అన్నాడు. చూశాడో, నన్ను సంతోషపెట్టాడో తెలియదు. చుట్టి పరుపు కింద పెట్టుకున్నాడు. పక్కనే పెళ్ళిచీర కోసం గీసిన హంసల కాగితం కూడా చుట్టి పెట్టి ఉంది. మరుసటి వారం నేను రొళ్ళలో బంధువుల పెళ్ళికి పోయాను. అట్టలు కొట్టే మనిషి వచ్చి కాగితం అడిగాడు. గంగాధరన్న ఒక చుట్ట తీసి ఇచ్చాడు.

నేను తిరిగొచ్చేసరికి షావుకారు వసారాలో చాప మీద చీర పరిచి ఉంది. నాలుగు మూరలు నేశారు. జరీ అంచు పొడుగునా బోద ఇళ్ళు, ఇంటికో ముసలమ్మ, చేతికో గరిటె. నేసిన నాగప్ప తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కొత్త డిజైన్ అనుకుంటి సామీ. పెండ్లిచీర గదా, ఇల్లుంటే మంచిదే అనుకుంటి. ముసలామె అత్తేమో అనుకుంటి."

"అత్త చేతిలో గరిటేందప్పా?" అన్నాడు షావుకారు.

"కోడలికి ఇయ్యకూడదని పట్టుకోనుంటాది."

వసారాలో అందరూ నవ్వారు. గంగాధరన్న స్తంభానికి ఆనుకుని, నవ్వులు ఏ వైపు నుంచి వస్తే ఆ వైపుకు ముఖం తిప్పుతున్నాడు. నేను ముందుకొచ్చి, "తప్పు నాది సార్. కాగితాలు నేనే మార్చినా. అన్నకేం తెలీదు" అన్నాను. నా జీవితంలో అంత గంభీరంగా నేనెప్పుడూ మాట్లాడలేదు. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. షావుకారు కళ్ళు తుడుచుకుంటూ, "వీడి తమాషాలకు హద్దు ల్యాకపాయె. రొళ్ళలో ఉండి ఈడ కాగితాలు మార్చినాడంట!" అన్నాడు. నిజమేనని మళ్ళీ అన్నాను. మళ్ళీ నవ్వారు. ఇరవై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు, సరిగ్గా అవసరానికి పనిచేసింది.

గంగాధరన్న చేయి ఎత్తాడు. "వాడు నాకోసరం అబద్ధమాడతాండాడు షావుకారీ. నాకు కండ్లు కనపడక ఏడాదైంది." అవ్వ గొంతు కాదు, ఉడుము గొంతు కాదు. ఆయన మామూలు గొంతు ఎంత చిన్నదో నాకు అప్పుడు తెలిసింది. షావుకారు చెడ్డవాడైతే కథ సులువుగా ఉండేది. ఆయన లేచి వచ్చి, చేయి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ తెప్పించాడు. "ముందే చెప్పింటే పాయె గదప్పా" అన్నాడు. నెల తర్వాత కంప్యూటర్ వచ్చింది.

ఆయన పెనుకొండలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆదివారాలు నేను రైలెక్కి వెళ్ళేవాణ్ణి. చూపు పూర్తిగా పోయాక ఆట ఇంకా బాగా ఆడించేవాడు. పుస్తకం అక్కర్లేదు, ఏ దారి ఎక్కడ తిరుగుతుందో ఆయన వేళ్ళకు తెలుసు. ఒకరోజు బాటసారిగా గడప దాటి, అవ్వ అడగకముందే నేనడిగాను. "అవ్వా, నువ్వు యాడికి పోతావు?" ఆయన గవ్వలు చేతిలో తిప్పాడు. "పూటకూళ్ళ ఇల్లు నడిపేదానికి యాడికి పోయేదుంటాదప్పా. వచ్చేటోళ్ళు వస్తాంటే చాలు" అన్నాడు. ఆ రోజు నాకు నిండా సంగటి పెట్టాడు. తర్వాత నాకు హిందూపురంలో ఈ ఆఫీసు ఉద్యోగం వచ్చింది, వచ్చేవాడు రావడం తగ్గింది. రెండేళ్ళకు, ఒక చలికాలం జ్వరంలో ఆయన పోయాడు. కబురు నాకు మూడోరోజు అందింది.

ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా పనిమీద వచ్చి నా బల్ల ముందు కూర్చుంటే, ఫారం తీయకముందు యాడ్నుంచి వస్తాండారని అడుగుతాను. వాళ్ళు చెప్పేదాకా తమాషా చేయను. అది ఆయన ఇచ్చింది. ఇంకోటి నేను సంపాదించుకున్నది. ఆయన పెనుకొండ పోయిన కొత్తలో ఒకసారి కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు దీపం వేసి చూసి, కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందన్నాడు. పోయిన చూపు రాదట. ఏడాదిన్నర ముందు, అంటే గడి నింపానా లేదా అని ఆయన నన్నడిగిన రోజుల్లో వచ్చి ఉంటే, చుక్కల మందుతో ఉన్న చూపు చాలావరకు నిలిచేదట. నేను ఆ ఏడాదంతా చాలా శ్రద్ధగా రంగు వేశాను. ఆసుపత్రికి పోదామన్న మాట మా ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. ఈ వాక్యం దగ్గర ఒక తమాషా చేద్దామని పదేళ్ళుగా వెతుకుతున్నాను.

నలభై దాటినవాళ్ళు ఏడాదికోసారి ఆ ఒత్తిడి చూపించుకోవాలి. ఐదు నిమిషాల పని. పొద్దున తొమ్మిదికే పోతే వరస ఉండదు.